ముళ్ళకంప కింద రాతిగట్లు

అరకు వెళ్ళే ఘాట్‌రోడ్డు మలుపుల్లో కార్లు ఆపుకుని, పసుపూ గులాబీ కలిసిన చిన్నచిన్న పూగుత్తుల మధ్య నిలబడి ఫొటోలు దిగేవాళ్ళని చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. రిటైరై ఇంట్లో కూర్చున్నా ఆ మంట తగ్గలేదు. మొన్నొకావిడ ఆ కొమ్మ విరిచి జడలో గుచ్చుకుని, "ఎంత బాగున్నాయండీ! ఈ మొక్క నర్సరీలో దొరుకుతుందా?" అని పోయిపోయి నన్నే అడిగింది. "నర్సరీ ఎందుకమ్మా, ఈ కొండ మీదున్నదంతా పట్టుకుపో, నీకు పుణ్యముంటుంది" అన్నాను. ఆవిడ నవ్వింది. నేను నవ్వలేదు.

ఆ మొక్కని నరికించడంతోనే నా ఉద్యోగమంతా గడిచింది. పుస్తకాల్లో దాని పేరు లాంటానా. మైదానంలో కొందరు తలంబ్రాల చెట్టు అంటారు, ఎవరి పెళ్ళికో మరి. మా కొండల్లో ముళ్ళకంప అంటే చాలు. భూసంరక్షణ పనుల్లో ఫీల్డు ఉద్యోగిగా చేరి, పాచిపెంట నుంచి అరకు దాకా వాలు భూముల్లో ఆ కంప కొట్టిస్తూ తిరిగాను. ఊళ్ళలో నన్ను 'కంప మేడం' అనేవారు. పని వల్లే ఆ పేరొచ్చిందని మా ఆయన అంటారు. నోటి వల్ల వచ్చిందని మా అత్తగారి నమ్మకం.

ఈ మధ్య అదే పనిలో చేరిన ఇద్దరమ్మాయిలు ఇంటికొచ్చి, "మేడం, అసలు ఉద్యోగం ఎలా ఉంటుందో చెప్పండి" అన్నారు. ప్రమోషన్ల సంగతి నన్నడక్కండి. అవి రావాల్సినవాళ్ళకి రావు, వచ్చినవాళ్ళకి ఎందుకొచ్చాయో తెలీదు. మిగతాది రాస్తున్నాను. కొంచెం కోపంగానే రాస్తాను, ఏమీ అనుకోకండి.

పూలు చూసి మురిసిపోకండి

ముందు శత్రువెవరో తెలుసుకోండి. ఈ కంప ఒక వాలుని పట్టిందంటే దాని కింద గడ్డిపరక మొలవదు. గడ్డి లేక ఆకలికి ఆ ఆకే మేసిన ఆవులు ఎండలో నిలబడలేక, చర్మం పగిలి, కళ్ళు పచ్చబడి చస్తాయి. పొదల్లో అడవిపందులు కాపురం పెట్టి, పక్కనున్న చోడి (రాగి) చేనుని తెల్లారేసరికి చదును చేసేస్తాయి. ఊటకి పోయే దారి మూసుకుపోతే, ఆడవాళ్ళు బిందెలెత్తుకుని కొండ చుట్టి రావాలి. కొండ మీద ఇంత జరుగుతుంటే మన సెమినార్లలో దీన్ని 'సమస్యాత్మక మొక్క' అంటారు. అల్లరి చేసే పిల్లాడి గురించి చెప్పినట్టు ఉంటుంది నాకు.

ఇది ఇక్కడ పుట్టింది కాదు. అలంకారానికని ఎప్పుడో ఎవరో దొరలు తెచ్చి నాటుకున్నారట. కాయలు పిట్టలు తింటాయి, గింజలు కొండంతా విసర్జిస్తాయి. పోడు కొట్టుకునే గిరిజనుల వల్లే అడవి పోయిందని ఉపన్యాసాలిచ్చే పెద్దమనుషులు నాకు ఎంతమందో తగిలారు. మరి కొండలకి కొండలు మింగిన ఈ మొక్క మీద ఏనాడైనా కేసు పెట్టారా అని అడిగితే వాచీ చూసుకుంటారు.

వాలు మీద పని

చదును నేల మీద ఈ కంపని వేళ్ళతో సహా పెకలించొచ్చు. వాలు మీద ఆ పని చేశారో, మొక్కతో పాటు మట్టీ వస్తుంది. కాండమూ వేరూ కలిసేచోట చిన్న మెడలాంటిది ఉంటుంది. మట్టిని కొంచెం తప్పించి, ఆ మెడ కిందుగా నరకాలి. నరికిన పొదని తలకిందులుగా తిరగేసి, పక్క పొద మీదే వెయ్యాలి. నేలని తాకిందంటే కొమ్మ కూడా వేరు తొడిగే మొండిఘటం ఇది. ఒకరి నెత్తి మీద ఒకరు నిలబడి పని చెయ్యకూడదు, పైనుంచి జారిన రాయికి కింద ఎవరున్నారో తెలీదు. అందరూ ఒకే ఎత్తున, కొండకి అడ్డంగా వరసకట్టి కదలాలి. ఖాళీ అయిన చోట ఆ వానకే కందో చోడో గడ్డో, ఏదో ఒకటి చల్లెయ్యాలి. లేదంటే మళ్ళీ అదే వస్తుంది.

ఇంతే విద్య. నెమ్మదైన పని. నెమ్మదైన పనంటే మన ఆఫీసర్లకి అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

నా రెండో ఆఫీసరు ఒకాయన జేసీబీ పంపాడు. "ఇంకా కత్తులేంటమ్మా, ఏ కాలంలో ఉన్నావ్?" అన్నాడు. వద్దన్నాను. వాలు చూపించాను. కింద వరిమడులున్నాయి, నారు పోశారు అన్నాను. "భయపడితే పనులవ్వవు" అని జీపెక్కి వెళ్ళిపోయాడు. జేసీబీ ఆ కొండని గుండు గీసినట్టు గీసింది. దూరం నుంచి చూస్తే ఎర్రగా, శుభ్రంగా, ఫొటోకి బ్రహ్మాండంగా ఉంది. తొలకరికే ఆ ఎర్రమట్టంతా జారి కింద మడుల్లో మోకాల్లోతు పేరుకుంది. నారు పోయింది. మడుల రైతులు వచ్చి ఆఫీసు మెట్ల మీద కూర్చున్నారు. ఆయన బయటికొచ్చి, "వాన ఎక్కువ పడింది, మనమేం చేస్తాం?" అన్నాడు. తొలకరి మామూలుగానే పడింది. ఆ మాట ఆయన ఎదటే రైతులతో చెప్పినందుకు సీతంపేట వైపు బదిలీ చేశాడు. అక్కడా కొండలే, అక్కడా కంపే. నాకేం నష్టం?

కొత్తగా చేరేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే. కంప ఉన్న వాలు కన్నా, యంత్రంతో గీసిన వాలు ప్రమాదం. పై అధికారి చెప్పినా సరే, ఆ యంత్రానికి అడ్డంగా నిలబడండి. తిడతారు. పడండి.

బోర్డుల సారు

మళ్ళీ అరకు వైపు వచ్చేసరికి కొత్త ఆఫీసరున్నాడు. మనిషి మంచివాడే. అరవడు, లంచాలు తినడు, అందరి ఇళ్ళ బాగోగులూ అడుగుతాడు. ఒక్కటే జబ్బు, బోర్డులు. పని జరిగిన ప్రతిచోటా సిమెంటు దిమ్మ కట్టి, పసుపు రంగు వేయించి, పథకం పేరూ తన పేరూ రాయించాలి. మేం చాటుగా 'బోర్డుల సారు' అనేవాళ్ళం. చెడ్డవాళ్ళతో ఎలా వేగాలో నాకు తెలుసు, ముఖాన అనేస్తే సరి. మంచివాళ్ళ చేతిలో జరిగే అన్యాయంతోనే చావు, ఎవరినీ తిట్టడానికుండదు.

రాయిగెడ్డ అని ఒక చిన్న ఊరు. అక్కడి బుద్రి అనే ఆమె, నా వయసుదే, ఒకరోజు నేను దిగే బస్సు కోసం రోడ్డు మీద కాసుకుని కూర్చుంది.

"మేడమ్మా, మా వాలు మీద కంప కొట్టించాల. బేగి కొట్టించాల" అంది.

"అందరూ బేగే అంటారు. నీకేటి అంత తొందర?"

"పట్టా ఇత్తారంట. సర్వే ఓలొచ్చినారు. రోడ్డు మీద నిలబడి పైకి సూసి, ఇదంతా అడివే గదా, సాగేదీ అన్నారు. కంప కిందున్నాది మా భూమే అన్నాను. కంప కింద ఏటుందో మాకెలా తెలుత్తాది అని ఎల్లిపోనారు. మల్లీ ఒకపాలి వత్తారంట. అప్పటికీ అలాగే ఉంటే, వానలకి ఫారెస్టోలు గోతులు తీసి మొక్కలెట్టేత్తారంట."

సంగతి ఇది. ఆ వాలు బుద్రి మావగారు సాగు చేసినది. ఆయన పోయాక, మొగుడు మంచాన పడ్డాక, పిల్లల్ని చంకనేసుకుని ఒక్కతీ కొండ మీద పని చెయ్యలేకపోయింది. చూస్తుండగానే కంప కమ్మేసింది. అడవి హక్కుల చట్టం కింద పట్టా రావాలంటే, గడువు తేదీకి ముందునుంచే ఆ భూమి తమ సాగులో ఉందని రుజువు చూపాలి. రుజువంతా కంప కింద ఉంది. అది పోతే ఆమెకి వేరే సెంటు లేదు. కొడుకూ కోడలూ అప్పటికే విజయనగరం దగ్గర ఇటుకబట్టీకి వెళ్ళొస్తున్నారు. భూమి పోతే ఇక వెళ్ళడమే, రావడముండదు.

ఆ చలికాలం రాయిగెడ్డ ఆడామగా అంతా కత్తులు పట్టారు. వాళ్ళలో ఒకరి పొలం పనికి అందరూ వస్తారు, కూలి అడగరు, ఆ పూట అంబలి పోస్తే చాలు. మా పథకం కూలీ కూడా కలిసేసరికి పని జోరందుకుంది. పై నుంచి వరస కట్టి దిగుతూ ఉంటే, ఒక గంగాళమంత పొద తిరగేసిన చోట బుద్రి ఆగిపోయింది. కింద రాళ్ళు. పడిపోయిన రాళ్ళు కావు, పేర్చినవి. కొండకి అడ్డంగా, మట్టి జారకుండా కట్టిన గట్టు. ఇంకొంచెం కొడితే దాని కింద ఇంకోటి, ఆ కింద మరోటి.

"ఓలమ్మో! మా మావ గట్లే!" అని అక్కడే కూలబడి రాళ్ళు తడుముకుంది. పక్కనున్న ముసలాయన, ఊరికి పెద్ద, సోమన్న అంటారు, ఒక మూల రాయి చూపించి, "ఈ గుండు నానూ మీ మావా కర్రకేసి మోసినాం. నా బుజం మీద మచ్చ ఇప్పటికీ ఉంది" అని చొక్కా జరిపి చూపించాడు. అందరూ నవ్వారు. నా సర్వీసులో అంత ఆనందంగా అంబలి తాగిన రోజు ఇంకోటి లేదు.

గట్ల రాళ్ళ సందుల్లోంచి కంప మొదళ్ళు పైకొచ్చి ఉన్నాయి. వాటిని పీకితే గట్టు కూలుతుంది. అందుకని రాతి మట్టానికి నరికించి మొద్దులు వదిలేశాను. చిగురొచ్చినప్పుడల్లా గిల్లుకోమన్నాను.

పనయ్యాక సారు వచ్చాడు. గట్లు చూసి మొహం వెలిగిపోయింది. ఫొటోలు తీయించాడు. నేను జిల్లా మీటింగుకి వెళ్ళొచ్చేసరికి వాలు మొదట్లో సిమెంటు దిమ్మ లేచింది. 'కలుపు నిర్మూలన మరియు రాతికట్టల నిర్మాణము' అని రాసుంది. కింద మా శాఖ పేరు, సారు పేరు.

ఆఫీసుకి వెళ్ళి నిలదీశాను. "సార్, మనం కంపే కొట్టించాం. గట్లు మనం కట్టలేదు."

"ఎవరు కడితే ఏముందమ్మా? గట్టు గట్టే కదా. పథకంలో గట్ల పని కూడా ఉంది. ఎలాగూ ఉన్నవే కనక చూపించాం. ఎవరికి నష్టం?"

"అది అబద్ధం సార్."

"మీది మిషన్ చర్చి కుటుంబం కదా, అందుకే ఇంత పట్టింపు" అని నవ్వాడు.

"అబద్ధమాడొద్దని మాకు చర్చిలో చెప్పారు సార్. మీకెక్కడా చెప్పలేదా?" అన్నాను. నవ్వు ఆగింది గానీ బోర్డు కదల్లేదు. ఎవరికి నష్టమో అప్పుడు నాకూ పూర్తిగా తట్టలేదు. మర్నాటి నుంచి ఇంకో మండలంలో డ్యూటీ వేశాడు.

సర్వేవాళ్ళు రెండోసారి వచ్చినప్పుడు నేను లేను. వేసవి చివర బుద్రి ఆఫీసు వరండాలోకి వచ్చి నిలబడింది. ఏడవలేదు, అరవలేదు.

"కొట్టేసినారు మేడమ్మా. మా కాగితం కొట్టేసినారు" అంది.

"గట్లు చూపించలేదేటి?"

"సూపించినాను. బోర్డు సదివినారు. ఈ గట్లు గవర్నమెంటు మొన్న కట్టింది, మీ మావ కట్టలేదు అన్నారు. సోమన్న తాత రాళ్ళు మోసినానని బుజం సూపించినాడు. నోటిమాట పనికిరాదు తాతా అన్నారు."

చూశారా? ఆ మంచి మనిషి ఎవరికి నష్టమని అడిగాడే, ఇదిగో, ఈమెకి. ఒక ముసలాడు భుజం కాయలు కాసేలా మోసిన రాళ్ళని మేం మా పేరున రాసుకున్నాం. వాళ్ళ భూమికి వాళ్ళే నిన్నమొన్న వచ్చిన ఆక్రమణదారులైపోయారు. చేతిలో ఉన్న ఫైలు బల్ల మీద ఎంత గట్టిగా కొట్టానంటే, అటెండరు పరిగెత్తుకొచ్చాడు.

మొద్దులు

మండల కార్యాలయంలో ఒక కుర్ర డిప్యూటీ తహసీల్దారు ఉండేవాడు, సర్వే కాగితాలు ఆయన చేతి మీదుగానే పోయేవి. ఆయన దగ్గరికి వెళ్ళి, మళ్ళీ ఒకసారి వాలు మీదికి రండి, రోడ్డు మీద నిలబడి కాదు, ఎక్కి చూడండి అన్నాను. "మీ శాఖే కట్టిందని బోర్డు పెట్టింది. మీ శాఖ మనిషే కాదంటున్నారు. ఎవర్ని నమ్మాలండీ?" అన్నాడు. "ఎవర్నీ నమ్మొద్దు, కళ్ళతో చూడండి" అన్నాను.

వచ్చాడు. బోర్డుల సారునీ పిలిపించాడు. రాయిగెడ్డ ఊరంతా వాలు మీద నిలబడింది. అందరి ముందూ చెప్పాను: "ఆ బోర్డు మీద రాసింది అబద్ధం. మేం ఒక్క రాయి పేర్చలేదు." సారు మొహం కందగడ్డయింది. "ఆవిడకి నా మీద కోపం. కట్టినట్టు ఫొటోలున్నాయి" అన్నాడు.

నేను పై గట్టు దగ్గరికి తీసుకెళ్ళి మొద్దులు చూపించాను. మనిషి పిక్కంత లావు మొద్దు, రెండు రాళ్ళ మధ్య సందులో పుట్టి, సందు చాలక పలకలా అణిగి, మళ్ళీ పైన ఉబ్బింది. వేళ్ళు కింది వరస రాళ్ళని చుట్టుకుని పట్టేశాయి.

"ఈ రాయి తియ్యండి సార్" అన్నాను డిప్యూటీతో. ఆయన నిజంగానే చొక్కా చేతులు మడిచి లాగాడు. కదల్లేదు. గునపం పెట్టారు. ఊగింది గానీ వేరు వదల్లేదు.

"ముందు గట్టుంటేనే కంప దాని సందులో మొలిచి ఇలా నలుగుతుంది. మొన్న చలికాలం మేం గట్టు కట్టామంటున్నారు. మరి ఇంత లావు కంప ఆ గట్టులో ఎలా పెరిగింది సార్? ఒక్క వేసవిలోనా?"

బోర్డుల సారు, "పాత గట్లకి మరమ్మతు చేయించాం" అని గొణిగాడు. "మరి బోర్డు మీద నిర్మాణమని ఉందే?" అన్నాడు డిప్యూటీ. తర్వాత సోమన్నని పిలిచి, ఎవరు కట్టారో, ఎప్పుడు ఏ పంట వేసేవారో మొదట్నుంచీ చెప్పమని, అక్కడే రాళ్ళ మీద కూర్చుని రాసుకున్నాడు. ముసలాయన చెప్పిన మాటే. మొదటిసారి పనికిరాకుండా పోయిన అదే నోటిమాట.

వానలు గట్టిపడక ముందే బుద్రి పట్టా ఖాయమైంది. గోతులు తియ్యడానికి ఎవరూ రాలేదు. బోర్డుల సారు మీద ఏ చర్యా లేదు, ఆయన బదిలీ మీద ఇంకో చోట బోర్డులు పెట్టుకున్నాడని విన్నాను. నన్నెవరూ మెచ్చుకోలేదు గానీ, నాకు మాత్రం ఛాతీ ఉప్పొంగింది. పట్టా అందిన రోజు పనిగట్టుకుని రాయిగెడ్డ వెళ్ళాను. బుద్రి కింది గట్టు పక్కన కంది విత్తుతోంది.

"చూశావా బుద్రీ, ఇన్నాళ్ళూ తిట్టుకున్నాం గానీ, చివరికి ఆ కంపే నీ తరఫున సాక్ష్యం చెప్పింది" అన్నాను సంబరంగా.

ఆమె నడుము ఎత్తి నా వంక చూసింది. నవ్వుతుందనుకున్నాను.

"కంప సెప్తే నమ్మినారు మేడమ్మా. సోమన్న తాత సెప్పినాడు, నమ్మలేదు. నాను సెప్పినాను, నమ్మలేదు. ఊరోలందరం సెప్పినాం. మా భూమి తినేసిన కంప మాట మీకు నిజమైపోనాది, మా మాటేమో కాలేదు. మేం మనుసులం కామేటి?"

ఆ 'మీకు'లో నేనూ ఉన్నాను. కొంగు ఒడి పట్టి, ఆమె దగ్గర గింజలు తీసుకుని పక్క వరసలో విత్తడం మొదలుపెట్టాను. కంప ఎలా నరకాలో ఎవరైనా నేర్పుతారమ్మా. ఈమె అడిగిన దానికి ఏం చెప్పాలో మాత్రం నాకు సర్వీసు అయిపోయేదాకా తెలీలేదు. మీరు కొండెక్కినప్పుడు ఎవరైనా ముసలాయన చొక్కా జరిపి భుజం చూపిస్తే, ముందు ఆ భుజం చూడండి.